మాస్టారి ఎడమ కనుబొమ్మ

మా ఆయన ఇప్పుడు రాగిలో ఉన్నారు. కాలేజీ గేటు దాటగానే, సైకిల్ స్టాండుకీ మంచినీళ్ళ కుళాయికీ మధ్య, నడుము దాకా. నడుము కింద అంతా సిమెంటు దిమ్మే. బతికున్నన్నాళ్ళూ కూర్చోడానికి తీరికేదీ అని విసుక్కునేవారు. ఇప్పుడు కావలసినంత తీరిక ఇచ్చి, కూర్చునే భాగం తీసేశారు.

ఆయన ఆ కాలేజీలోనే ఉద్యోగంలో చేరి, ఆ కాలేజీలోనే రిటైరయ్యారు. చెప్పింది కెమిస్ట్రీ. కుర్రాళ్ళు ఆయన్ని పరమాణువు మాస్టారు అనేవారు. మనిషి అంత చిన్నగా ఉండేవారని కొందరు, ఎక్కడ చూసినా ఉండేవారని కొందరు ఆ పేరుకి కారణాలు చెప్పేవారు. రెండూ నిజమే. సినిమా హాల్లో చీకట్లో కూర్చుంటే వెనక సీట్లోంచి "రేపు పరీక్ష లేదూ?" అని ఆయన గొంతు వినబడేదట.

ఆయన పోయాక పూర్వ విద్యార్థుల కమిటీ అని ఒకటి పుట్టింది. దానికి ఛైర్మన్ ఒక లారీల యజమాని. ఒకప్పుడు ఆయన క్లాసులో చివరి బెంచీ. "నీటి ఫార్ములా వ్రాయుము" అని పరీక్షలో అడిగితే "కుళాయి తిప్పుము" అని రాసిన ఘనుడు. మనసు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. ఓరోజు మా ముందు గదిలో కుర్చీ నిండా కూర్చుని, "అమ్మగారూ, మాస్టారికి రాగి విగ్రహం పెడుతున్నాం" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధం కావు. అక్కడే వచ్చింది నా తంటా. దొంగ ప్రేమయితే గుమ్మంలోంచే పంపించెయ్యొచ్చు, నిజం ప్రేమని ఏం చేసుకుంటాం?

విగ్రహం చేసింది ఒక రాగి రేకు మేస్త్రి. బాయిలర్లూ, పెద్ద పెద్ద గంగాళాలూ చేసే మనిషి. పోత పొయ్యడు. రేకుని లోపలి నుంచి సుత్తితో కొట్టి కొట్టి ముక్కూ మూతీ బయటికి తెప్పిస్తాడు. ఫొటోలిమ్మన్నాడు. మా ఆయన ఫొటోలన్నిట్లోనూ ఒకటే మొహం, పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టు. అన్నీ చూసి మేస్త్రి నావైపు చూశాడు.

"ఇది ఆయన కాదు," అన్నాను. "నేను పక్కన కూర్చుంటాను, చెబుతాను. ముందు ఎడమ కనుబొమ్మ సంగతి చూడు."

ఆ కనుబొమ్మ గురించి మీకూ చెప్పాలి, లేకపోతే నేను పిచ్చిదాన్ననుకుంటారు. ఎవరైనా తప్పు జవాబు చెబితే మా ఆయన కోప్పడేవారు కాదు. ఎడమ కనుబొమ్మ ఒక్కటి పైకి లేచేది. "అలాగా?" అని అదే అడిగేది. క్లాసంతా దానికి వణికేది. నేను దానితో కాపురం చేశాను. "నాకేం కోపం లేదు" అని గిన్నె ఠంగుమని కింద పెట్టి చెప్పినప్పుడల్లా అది లేచేది. "తలనొప్పి తగ్గిపోయింది" అంటే లేచేది. "మీ అక్కగారు ఇంకో వారం ఉంటే నాకు సంతోషమే" అంటే లేచి, మళ్ళీ దిగడానికి చాలాసేపు పట్టేది. నువ్వు అబద్ధం చెబుతున్నావని ఆయన జన్మలో ఒక్కసారి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆ కనుబొమ్మ లేచాక నేను నవ్వేసేదాన్ని, లేదా ఏడ్చేసేదాన్ని, ఏదో ఒకటి అయిపోయి ఇల్లు మామూలుగా ఉండేది.

మేస్త్రి రేకు మీద కొడుతుంటే నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. "ఇంకొంచెం పైకి" అంటాను. కొడతాడు. "ఇంకొంచెం." కొడతాడు. చివరికి సుత్తి పక్కన పెట్టేశాడు.

"అమ్మా, అక్కడ రేకు ఇప్పటికే పల్చబడిపోయింది. ఇంకా సాగదీస్తే కాగితం అయిపోద్ది."

"ఒక్క దెబ్బ."

ఒక్క దెబ్బ వేశాడు. మా ఆయన వచ్చేశారు. నేను గబగబా లేచి చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "కంట్లో నలక పడింది" అన్నాను. రాగి కనుబొమ్మ పైకి లేచి నన్నే చూస్తోంది.

విగ్రహం కాలేజీలో పెట్టినప్పటి నుంచి రోజూ పొద్దున్నే గొడుగు పట్టుకుని కాలేజీకి నడిచి వెళ్ళడం నాకు అలవాటయింది. వెళ్ళి ఎదురుగా నిలబడి ఏదో ఒక అబద్ధం చెబుతాను. రాత్రి బాగా నిద్ర పట్టిందనో, మోకాళ్ళు నొప్పి లేవనో. ఆయన "అలాగా?" అంటారు. నేను ఇంటికొచ్చేస్తాను. నాతోపాటే ఉంటున్న మా చెల్లెలు నవ్వేది.

"అక్కా, అబద్ధాలు చెప్పడానికి అంత దూరం నడవాలా? ఇంట్లో నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు నమ్ముతావే," అన్నాను.

వానాకాలం వచ్చింది. రాగి గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాత చెవి వెనకా మెడ మడతల్లోనూ సన్నగా పచ్చదనం మొదలైంది. నాకేం కంగారు కలగలేదు. అది చిలుము. ఆ పాఠం నాకు అన్నం కంచం ముందే అయిపోయింది. మా ఆయనకి ఇల్లంటే ఇంకో క్లాసు. గాలీ, నీటి తడీ, మనం వదిలే కార్బన్ డయాక్సైడూ కలిసి రాగిని పట్టుకుంటే పైన పచ్చటి పొర కడుతుంది. ఇనుముకి పట్టే తుప్పు పొట్టు పొట్టుగా రాలిపోతూ లోపలికి తినేసుకుంటూ పోతుంది. రాగికి పట్టే చిలుము అలా కాదు, గట్టిగా అతుక్కుని కిందున్న రాగిని కాపాడుతుంది. "అది మురికి కాదోయ్, దుప్పటి" అనేవారు. నేను "చారు చల్లారిపోతోంది" అనేదాన్ని.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒకసారి మైలుతుత్తం నీళ్ళలో నా కూరగాయల కత్తి ముంచి చూపించారు. నీలం నీళ్ళలోంచి కత్తి ఎర్రగా బయటికొచ్చింది. నీళ్ళలో కరిగున్న రాగి కత్తి మీదకి ఎక్కింది, కత్తిలో ఉన్న ఇనుము నీళ్ళలోకి దిగింది. "చూశావా, ఒకరు లేస్తే ఒకరు కూర్చున్నారు!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కత్తి పారేసి కొత్తది కొనేదాకా వంట చెయ్యనన్నాను. "కోపం వచ్చిందా?" అన్నారు. "నాకేం కోపం లేదు" అన్నాను. ఇక మీకు తెలుసు.

ఇంతకీ ఛైర్మన్ విగ్రహాన్ని చూశాడు. చూడకపోతే ఎంత బాగుండేది. లారీ దిగినట్టే కారు దిగి, గేటు దగ్గర నుంచే అరిచాడట. "మాస్టారికి పాచి పట్టిందేంట్రా! మనం బతికుండి ఏం లాభం!"

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మా ఆయన తల మీద నురగ పొంగుతోంది. కాలేజీ ప్లంబరు నిచ్చెనెక్కి, బాత్రూములు కడిగే యాసిడ్ పోసి, ఇనుప తీగల బ్రష్షుతో కసకసా రుద్దుతున్నాడు. కింద కాలువలోకి పచ్చటి నీళ్ళు పోతున్నాయి. ఛైర్మన్ నడుం మీద చెయ్యేసుకుని చూస్తున్నాడు.

"చూశారా అమ్మగారూ, మురికి ఎలా బుసబుసలాడుతూ చస్తోందో!"

"చస్తోంది మురికి కాదు నాయనా. అది చిలుము. యాసిడ్ తగిలితే గ్యాసు వదిలి కరిగిపోతుంది. దాంతోపాటే రాగీ పోతుంది. ఆపించు."

"అయ్యో, మీరు బాధపడకండి. మాస్టారు తళతళ మెరవాలి. మెరవకపోతే మమ్మల్ని ఎవరేమంటారు?"

"మీ మాస్టారు బతికుండగా ఎప్పుడైనా మెరిశారా? మాసిన చొక్కా మీద యాసిడ్ చిల్లులతో తిరిగిన మనిషి."

వాడు పెద్దగా నవ్వి, ప్లంబరు వైపు తిరిగి, "ముక్కు పక్కన ఇంకా ఉంది చూడు" అన్నాడు. నేను గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం. గోడ కనీసం నవ్వదు.

మా ఆయన మెరిశారు. పెళ్ళికొడుకులా, కొత్త చెంబులా మెరిశారు. కమిటీ అంతా ఎదురుగా నిలబడి ఫొటోలు దిగింది. కానీ యాసిడ్ సరిగ్గా కడగకుండా వదిలేస్తే అది ఊరుకుంటుందా? అందులో ఉన్న క్లోరిన్ రాగి సందుల్లో నక్కి కూర్చుంది. కాస్త చెమ్మ తగిలేసరికి మళ్ళీ పచ్చదనం, ఈసారి ఇంకా తొందరగా, పొడి పొడిగా, దుప్పటి కూడా కాకుండా. వాళ్ళు మళ్ళీ తోమారు. అది మళ్ళీ వచ్చింది. మొదట వార్షికోత్సవానికి తోమేవారు. తర్వాత ఎవరైనా పెద్దమనిషి వస్తే తోమేవారు. ఆ తర్వాత ఛైర్మన్ కారు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తోమేవారు. ఎంత తోమితే అంత తొందరగా పచ్చబడుతున్నారు మా ఆయన, ఎంత తొందరగా పచ్చబడితే అంత గట్టిగా తోముతున్నారు వీళ్ళు. ఆయన పాఠాలు చెప్పి పాస్ చేయించిన బుర్రలివి!

అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది కనుబొమ్మ. బ్రష్షు ముందు తగిలేదీ దానికే. అందులో ఒక్కొక్క వెంట్రుకా గీతలా కనబడేట్టు కొట్టాడు మేస్త్రి. ఆ గీతలు పోయాయి. తర్వాత అంచు నునుపు తేలింది. నేను పొద్దున్నే వెళ్ళి "మోకాళ్ళు నొప్పి లేవండీ" అంటే, ఆయన అడుగుతున్నారో లేదో తెలియకుండా పోతోంది. నా ప్రాణం విలవిల్లాడిపోయింది. ఫొటోల్లో లేదు అది. పిల్లలు లేరు మాకు, ఉంటే ఏ కూతురికో వచ్చేదేమో. ప్రపంచం మొత్తం మీద ఆ కనుబొమ్మ ఉన్నది ఆ రేకు మీద ఒక్కచోటే.

నేరుగా ఇప్పటి కెమిస్ట్రీ హెడ్డు దగ్గరికి వెళ్ళాను. ఆయనా మావారి శిష్యుడే, క్లాసులో మొదటి బెంచీ. పట్టుకెళ్ళి విగ్రహం ముందు నిలబెట్టాను.

"ఇది ఏం జరుగుతోందో నీకు తెలుసా, తెలీదా?"

చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "తెలుసమ్మగారూ. శాస్త్రప్రకారం మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు."

"ఆ ముక్క వాళ్ళతో చెప్పు మరి."

నీళ్ళు నమిలాడు. "శాస్త్రం వేరండీ, కమిటీ వేరు. వచ్చే ఏడాది ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అవుతోంది..."

చివరికి నేనే పోరి మీటింగు పెట్టించాను. లైబ్రరీ మేడ మీద పొడుగాటి గది. గోడకి మూలకాల పట్టిక, మా ఆయన స్వయంగా రంగులతో రాసింది. దాని కిందే టీలు, బిస్కెట్లు. కమిటీ అంతా కూర్చుంది. నాకు మాత్రం మెత్తటి కుర్చీ వేశారు. మర్యాదకేం లోటు లేదు.

మొదట ఛైర్మన్ తప్పంతా మేస్త్రి మీదకి తోశాడు. "వాడు నాసిరకం రాగి వాడాడండీ. మంచి రాగయితే పచ్చబడదు."

"రాగి మూలకం నాయనా," అన్నాను. వెనక గోడ చూపించాను. "అదిగో, నీ తల పైనే ఉంది. రాగిలో ఉండేవి రాగి పరమాణువులే. స్వచ్ఛమైనదైతే ఇంకా బాగా పచ్చబడుతుంది."

అందరూ ఆ పట్టిక వైపు ఏదో కొత్త క్యాలెండరు చూసినట్టు చూశారు. ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"సరే, మనం చదువుకున్నవాళ్ళం. శాస్త్రీయంగానే తేల్చుకుందాం. హెడ్డు గారూ, ఈ మార్పులు రెండు రకాలంటారు కదా. ఏంటవి?"

హెడ్డు లేచి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "భౌతిక మార్పు, రసాయన మార్పు. ఐసు కరిగి నీరవుతుంది, నీరు మళ్ళీ ఐసవుతుంది. పదార్థం మారలేదు. అది భౌతిక మార్పు. కాగితం కాలి బూడిదవుతుంది. కొత్త పదార్థం పుట్టింది, బూడిద మళ్ళీ కాగితం కాదు. అది రసాయన మార్పు."

"చాలు, కూర్చోండి," అన్నాడు ఛైర్మన్. మొహం వెలిగిపోయింది. బెంచీ మీద ఎక్కి నిలబడినన్నాళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన వచ్చింది వాడికి. "మాస్టారు ముందు మెరిసేవారు. పచ్చబడ్డారు. తోమితే మళ్ళీ మెరుస్తున్నారు. అంటే వెనక్కి వస్తున్నట్టేగా? వెనక్కి వస్తే ఏ మార్పు?"

"భౌతిక మార్పు!" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి, క్లాసులో లాగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వెనక్కి ఎక్కడొచ్చిందయ్యా? పైది పోయి కిందిది బయటపడింది. ఉల్లిపాయ పొర ఒలిస్తే లోపల తెల్లటి పొర కనబడుతుంది. పాత పొర వెనక్కొచ్చినట్టా? అలా ఒలుచుకుంటూ పోతే ఆఖరికి ఏం మిగుల్తుంది?"

"అమ్మగారి బాధ మనకి అర్థమవుతుంది," అన్నాడు ఛైర్మన్ తక్కినవాళ్ళతో, నేను ఆ గదిలో లేనట్టు. "కానీ కమిటీ అన్నాక పద్ధతి ఉండాలి. భౌతిక మార్పు అనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. నవ్వొస్తుందా, ఏడుపొస్తుందా? పదార్థం మారిందో లేదో ఓట్లు వేసి తేల్చారు! హెడ్డు చెయ్యి మాత్రం చెవి దాకా లేచి, అక్కడే ఆగి, చెవి గోక్కుంది. ఛైర్మన్ దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు. "విగ్రహముపై కలుగుచున్న మార్పు కేవలము భౌతిక మార్పేనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని అక్కడికక్కడే రాయించి, నాకు ఇంకో బిస్కెట్టు ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెల్లెలి మీద అరిచాను. పాపం దానికేం తెలుసు.

"పోనీలే అక్కా, ఊరుకో," అంది. "రాగేగా. బావగారు కాదుగా."

"నాకు మిగిలిన బావగారు అదేనే!" అని అరిచి, గది తలుపేసుకుని ఏడ్చాను.

తోమడం ఆపలేనని తెలిసిపోయింది. అప్పుడు నేను చేసిన పని చూసి మా వీధంతా నాకు మతి పోయిందనుకుంది. తోమిన ప్రతిసారీ రెండు ప్లాస్టిక్ బకెట్లు పట్టుకెళ్ళి దిమ్మ కింద పెట్టేదాన్ని. ప్లంబరు నిచ్చెన మీద నుంచి వంగి చూసేవాడు.

"మురికినీళ్ళు ఎందుకమ్మా మీకు?"

"మురికి కాదురా. మా ఆయన."

ఇంకేమీ అడగలేదు. ఆ రోజు నుంచి తనే జాగ్రత్తగా ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా బకెట్లోకి పడేట్టు కడిగేవాడు. బ్రష్షు పట్టింది అతనే అయినా అతని మీద నాకు కోపం రాలేదు. చేతులు ఎవరివైతేనేం, తీర్మానం అతనిది కాదుగా.

పచ్చటి నీళ్ళు పెరట్లోకి తెచ్చి, అందులో పాత ఇనుప మేకులు గుప్పెడు వేసేదాన్ని. కత్తి పాఠం ఊరికే పోలేదు. కాసేపటికి మేకులకి ఎర్రటి నూగు పట్టేది. దులిపితే అడుక్కి దిగేది. ఒకరు లేస్తే ఒకరు కూర్చున్నారు. ఆ ఎర్రపొడిని కడిగి, ఆరబెట్టి, ఖాళీ కాఫీ పొడి సీసాలో పోసేదాన్ని. చెల్లెలు మొదట మూతి ముడిచింది. తర్వాత తనే వచ్చి పక్కన కూర్చుని మేకులు దులపడం మొదలుపెట్టింది.

"ఇది ఏం చేస్తావక్కా?" అంది ఒకరోజు.

"తెలీదు," అన్నాను. అది నిజం.

కాలేజీ స్వర్ణోత్సవం వచ్చింది. విద్యాశాఖ నుంచి ఎవరో చాలా పెద్దాయన వస్తున్నారు. కొత్తగా మెరుగుపెట్టిన విగ్రహానికి ఆయన చేత మళ్ళీ ముసుగు తీయిస్తారట. ఒకసారి పెట్టిన విగ్రహాన్ని రెండోసారి ఆవిష్కరించడం ఆ కమిటీకే తోచాలి. బ్రష్షు చాలదని ఛైర్మన్ తన లారీ షెడ్డు నుంచి కరెంటు మీద గిర్రున తిరిగే మెషీను పంపించాడు. తుప్పు పట్టిన లారీ బంపర్లు గీకేది. నేను పరుగున వెళ్ళేసరికి ఆ చప్పుడు ఆగిపోయి ఉంది. ప్లంబరు దిమ్మ మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, చిల్లు పడిపోయింది," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. "నేను చిన్నగానే ఆనించానమ్మా."

నిచ్చెనెక్కాను. ఈ మోకాళ్ళతో ఎలా ఎక్కానో నాకే తెలీదు. ఎడమ కనుబొమ్మ మధ్యలో కందిగింజంత చిల్లు. వేలితో తడిమాను. అంచులు పదునుగా, కాగితంలా ఉన్నాయి. లోపల ఖాళీ. కానీ కనుబొమ్మ ఇంకా పైకే ఉంది. చిల్లుతోనే "అలాగా?" అంటోంది.

నేను నిచ్చెన దిగేసరికి ఛైర్మన్ వచ్చాడు. నేను నా జన్మలో ఎవరినీ బతిమాలలేదు. కట్టుకున్న మనిషిని కూడా. వాణ్ణి బతిమాలాను.

"అబ్బాయ్, దీన్ని ఇలాగే వదిలెయ్. చిల్లున్నా ఫరవాలేదు. పచ్చబడనీ, నల్లబడనీ, ఏమైనా అవనీ. దాన్ని ముట్టుకోవద్దు. నీకు దణ్ణం పెడతాను."

వాడు కరిగిపోయాడు. నిజంగా కరిగిపోయాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మా, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి! మీరు ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి. మాస్టారి సంగతి నేను చూసుకుంటాను."

వాడు చూసుకున్నాడు.

మర్నాడు సభకి ముందే ముసుగు తీశారు. జనం చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలో చెల్లెలి పక్కన కూర్చుని చూశాను. చిల్లు లేదు. దాని మీద సీసం అతుకు వేసి, ఎత్తుగా ఉన్నదాన్ని సుత్తితో లోపలికి నొక్కి, చదును చేసి, రెండో కనుబొమ్మకి సమానంగా ఆకురాయి పట్టారు. అతుకు రంగు తేడా తెలియకుండా మొహం మొత్తానికి బంగారు రంగు కొట్టారు. ఇక గాలి తగలదు, నీరు తగలదు, చిలుము పట్టదు. ఆ రంగేదో మొదటి రోజే కొట్టి తగలడి ఉంటే సరిపోయేది కదా!

"చూశారా అమ్మగారూ," అన్నాడు ఛైర్మన్ నా చెవి దగ్గర వంగి. "ఇంతకుముందు మాస్టారు ఎవరినో నిలదీస్తున్నట్టుండేవారు. ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉన్నారో!"

వేదిక మీద అందరూ మాట్లాడారు. మాస్టారు మాలో జీవించే ఉన్నారన్నారు. హెడ్డు కూడా మాట్లాడాడు, కానీ తల ఎత్తలేదు. చివరికి అమ్మగారు రెండు మాటలు చెబుతారని నన్ను పైకి పిలిచి మైకిచ్చారు. నేను సంచీలోంచి కాఫీ పొడి సీసా తీశాను. ఛైర్మన్ని పక్కకి రమ్మని సీసా వాడి చేతిలో పెట్టాను.

"ఇది ఏంటో తెలుసా? మీ మాస్టారి కనుబొమ్మ. పెదాల కొసలు, చెవి అంచులు కూడా ఇందులోనే ఉన్నాయి. మీరు కాలువలో పోసిన నీళ్ళలోంచి ఏరుకున్నాను. పదార్థం ఎక్కడికీ పోదని ఆయన మీకు చెప్పారు. నిజమే, పోలేదు. పరమాణువులు ఇక్కడే ఉన్నాయి. మీరంతా చేతులెత్తి ఇది భౌతిక మార్పని తీర్మానించారు. భౌతిక మార్పయితే వెనక్కి వస్తుంది. రప్పించండి. నాకు ఆ కనుబొమ్మ కావాలి. ఇంకేం అక్కర్లేదు."

ఛైర్మన్ సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడి మొహంలో ఏదో మెదిలింది, మెదిలి ఆగిపోయింది. ఎదురుగా పెద్దాయన, పక్కన కెమెరాలు. వాడు మైకు అందుకుని, ఆ గొంతుతో, "మాస్టారి పవిత్ర రాగిని అమ్మగారు మన కాలేజీకి బహూకరించారు! లైబ్రరీలో అద్దాల బీరువాలో పెడదాం!" అని అరిచాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంతకీ ఆపలేదు. పెద్దాయన కూడా కొట్టారు.

నేను వేదిక దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా, గేటు దాకా నడిచాను. చెల్లెలు వెనకే వచ్చింది.

"అక్కా, ఇంటికి పోదాం పద," అంది.

"ఒక్క నిమిషం."

సైకిల్ స్టాండు పక్కన ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఎండకి బంగారు రంగు తళతళలాడుతోంది. రెండు కనుబొమ్మలూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"నాకేం కోపం లేదు లెండి," అన్నాను.

ఆయన ఏమీ అడగలేదు.

"బాధ కూడా లేదు. రాత్రి బాగా నిద్రపోయాను."

చూశాను. చాలాసేపు చూశాను. నేను చెప్పిన ప్రతి మాటా ఆయన నమ్మేశారు.